పెర్సిమన్ పెంచుతారా? ముందు అది ఏ రకమో తేల్చుకోండి

మొదటిసారి హచియా అనే రకం పెర్సిమన్ పండు కోసుకుని కొరికిన రోజు నాకింకా గుర్తుంది. నిండు నారింజ రంగులో నిగనిగలాడుతూ ఉంది కదా అని గట్టిగా ఉండగానే కొరికేశాను. నాలుక మొద్దుబారి నోరంతా పట్టేసింది, ఎన్ని నీళ్లు తాగినా వదల్లేదు. చెట్టు తప్పేం లేదు, తొందర నాది.

అందుకే మొక్క కొనేముందే రకం అడగండి. ఫుయూ టమాటాలా బల్లపరుపుగా ఉంటుంది, గట్టిగా ఉన్నప్పుడే ఆపిల్‌లా ముక్కలు కోసుకుని తినొచ్చు. హచియా కింద కోసుగా ఉంటుంది, జారిపోయేంత మెత్తబడితే గానీ నోట పెట్టలేం. ఒక్క చెట్టుకే చోటుంటే ఫుయూ పెట్టుకోండి, ఏ టెన్షనూ ఉండదు. జత చెట్టు లేకపోయినా రెండూ కాస్తాయి.

విత్తనం జోలికి వెళ్లకుండా అంటు మొక్కే తెచ్చుకుంటే మూడు నాలుగేళ్లలో కాపు మొదలవుతుంది. కుండీలోంచి తీయగానే వేర్లు నల్లగా కనిపిస్తాయి, కుళ్లిపోయాయని కంగారుపడకండి, వాటి రంగే అంత. తల్లి వేరు లోతుగా దిగుతుంది కాబట్టి గుంత లోతుగానే తవ్వండి, నీళ్లు మాత్రం నిలవకూడదు, అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండాలి. నత్రజని ఎరువు దండిగా వేస్తే కొమ్మలు ఏపుగా పెరుగుతాయి, పిందెలు రాలిపోతాయి. కొద్దిగా రాలితే అది మామూలే.

చాలామంది చెడగొట్టుకునేది కత్తిరింపు దగ్గరే. నిరుటి కొమ్మల చివరి మొగ్గల నుంచి వచ్చే కొత్త చిగుళ్లకే పూత వస్తుంది, అందుకని చెట్టు గుండ్రంగా కనపడాలని కొసలన్నీ కత్తిరించారంటే ఆ ఏడు కాపు మీ చేతులతో మీరే తీసేసినట్టు. ఆకులు రాలిపోయాక, ఒకదానికొకటి రాసుకునే కొమ్మల్ని మాత్రం మొదలంటా తీసేయండి. ఈ కొమ్మలు పెళుసు, కాయల బరువుకి పుటుక్కున విరుగుతాయి, గుత్తుగా ఉన్నచోట పిందెలు పలచన చేయండి.

కోసేటప్పుడు లాగకండి, వంకాయకి ఉన్నట్టు ముచ్చిక ఉంటుంది, అది పండుకే ఉండేలా కత్తెరతో కోయాలి. హచియాని అరటిపండుతో కలిపి సంచిలో కట్టిపెడితే కొన్ని రోజుల్లో మెత్తబడుతుంది. ఆగలేకపోతే ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీయండి, వగరు చాలావరకు తగ్గుతుంది. వగరుకి కారణమైన టానిన్ ఎక్కడికీ పోదు, కరగని రూపంలోకి మారడంతో నాలుకకి తెలియదు, అంతే. వగరు పోని కాయల్ని పంతానికి ఎక్కువ తినకండి, కడుపులో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మిగిలిన హచియాలని జపాన్ వాళ్లలా ఎండబెట్టొచ్చు. గట్టి కాయల తొక్క తీసి, తాడుతో గాలి ఆడేచోట వేలాడదీసి, వారం దాటాక అప్పుడప్పుడు వేళ్లతో మెల్లగా పిసుకుతూ ఉంటే నెల, నెలన్నరకి తయారవుతాయి. పైన తెల్లటి పొడి తేలితే తుడిచేయకండి, అది లోపలి నుంచి వచ్చిన చక్కెరే. నూగులా, ఆకుపచ్చగా కనిపిస్తే మాత్రం బూజే, పారేయండి.