పార్టీని వదలని బంధువుతో మాట్లాడాలంటే

మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఒక పార్టీని పట్టుకుంటే వదలని మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయనతో మాట్లాడే ముందు ఒకటి తేల్చుకోండి. ఆయన ఓటు మార్పించాలని వెళ్లకండి. ఏదో ఒక్క సంగతిని పార్టీ పక్కనపెట్టి ఇద్దరూ కలిసి చూడగలిగితే చాలు. అంతకంటే పెద్ద ఆశతో వెళ్తే చాయ్ తాగడం అయ్యేలోపే గొడవ మొదలవుతుంది.

నేను చండూరు దగ్గర పేపర్ ఏజెంటును. ఏ ఇంటికి ఏ పేపర్ వేస్తున్నామో చూస్తే ఆ ఇంటి ఓటు ఎటో చాలావరకు తెలిసిపోతుంది. సీపీఎం వాళ్లింటికి నవతెలంగాణ, కారు గుర్తు వాళ్లింటికి నమస్తే తెలంగాణ. టీవీ ఛానళ్లూ అంతే. ఎన్నికలప్పుడు మాటలు ఆగిపోయిన బావా బామ్మర్దులు, పెళ్లిలో చెరో బంతిలో కూర్చున్న అన్నదమ్ములు మా పక్క ఉన్నారు. ఇది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఓటు ఎవరి ఇష్టం వాళ్లది, కానీ దాని కోసం ఇల్లు విడిపోవద్దు.

చాలామంది చేసేది ఫోన్‌లో ఏదో లెక్క చూపించి "ఇప్పుడేమంటవ్?" అని నిలదీయడం. దాంతో పని జరగదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1979లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఉరిశిక్ష ఉండాలనే విద్యార్థులు సగం, వద్దనేవాళ్లు సగం, మొత్తం 48 మందికి రెండేసి అధ్యయనాలు చదవమని ఇచ్చారు. ఒకటి ఉరిశిక్షకు అనుకూలం, ఇంకొకటి వ్యతిరేకం. తమకు నచ్చనిదాంట్లో అందరూ తప్పులు పట్టారు, నచ్చినదాన్ని గట్టి రుజువు అన్నారు. చదవడం అయ్యాక ఎవరి మాట మీద వాళ్లు ఇంకా బిగుసుకున్నారు. మన దగ్గర వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఇదే.

అందుకని ముందు ఆ అభిమానం ఎక్కడ మొదలైందో అడగండి. తొందరపడకండి, దీనికి ఒక సాయంత్రం పట్టినా సరే. మా మునుగోడు నియోజకవర్గమే చూడండి. రాజగోపాల్ రెడ్డి 2018లో చేతి గుర్తు మీద గెలిచారు, 2022 ఉప ఎన్నికలో కమలం గుర్తు మీద ఓడారు, 2023లో మళ్లీ చేతి గుర్తు మీద గెలిచారు. మూడుసార్లూ ఆయన వెంటే ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను అడిగితే పార్టీ సంగతి ఎత్తరు, ఆపద వచ్చినప్పుడు ఎవరు ఆదుకున్నారో చెబుతారు. మా వాడకట్టు పెద్దాయన ఒకరిది పాత కమ్యూనిస్టు కుటుంబం. సీపీఐ మద్దతు ఇచ్చిందని 2022లో కారుకు వేశాడు, 2023లో పొత్తు ఉందని చేతికి వేశాడు. ఎందుకు తాతా అంటే, "సంఘం లేకపోతే మా నాయినకు దున్నుకునే భూమి యాడిది బిడ్డా?" అన్నాడు. సంఘం అంటే అప్పటి కమ్యూనిస్టుల సంఘమే. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించిన నల్గొండ జిల్లా మనది. అలాంటి జ్ఞాపకం ముందు పేపర్ కటింగ్ పెట్టి వాదిస్తే, వాళ్ల నాయినను తిట్టినట్టే ఉంటుంది ఆయనకు. ముందు ఆ కథ పూర్తిగా వినండి, మధ్యలో అందుకోకండి.

నలుగురిలో మాత్రం మాట్లాడకండి. హోటల్ దగ్గర, గ్రూపులో, దావత్‌లో అసలే వద్దు. పదిమంది ముందు మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే. పొలానికి పోతూ బండి మీద మాట్లాడితే నయం.

ఇక అసలు పని. ఊళ్లోనే కళ్లకు కనిపించే సంగతి ఒకటి తీసుకోండి. కాళేశ్వరం, ఢిల్లీ రాజకీయం లాంటివి వద్దు, అక్కడికి పోయి చూసేది లేదు కాబట్టి ఎవరి టీవీ చెప్పింది వాళ్లకు నిజం. రుణమాఫీ మంచి ఉదాహరణ. 2024లో జూలై, ఆగస్టు నెలల్లో విడతలవారీగా రెండు లక్షల వరకు మాఫీ అన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చిన కట్టల్లో ఒక పేపర్లో రైతుల సంబరాలు, ఇంకో పేపర్లో రైతుల ధర్నా. రెండు ఫొటోలూ నిజమైనవే. మా మేనబావ మొదటి పేపర్ మనిషి. "అందరికీ అయింది" అన్నాడు. నేను కాదనలేదు. "మన వాడకట్టులో ఎవరెవరికి అయింది బావా?" అని మాత్రం అడిగాను. వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "చిన్నకాకకు కాలే. రెండు లక్షల మీద ఉన్నది కట్టి రమ్మన్నరట." ఇంకొకరికి రేషన్ కార్డు తిరకాసు అని తనే గుర్తు చేసుకున్నాడు. రెండో పేపర్ చదివే అతన్ని కూడా ఇదే అడిగాను. "ఎవరికీ కాలే" అన్నవాడు తన అన్నకు అయిందని ఒప్పుకున్నాడు. పేర్లతో లెక్కపెడితే "అందరికీ", "ఎవరికీ" అనే మాటలు వాటంతట అవే పోతాయి. మీరు నోరు మూసుకుని కూర్చోవాలి, అంతే. ఆయన ఆగినచోట "చూశావా, నేను చెప్పలే?" అన్నారంటే అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

పేపర్ మాన్పించే ప్రయత్నం చేయకండి, ఇంకొకటి కలపండి. 2020లో అమెరికాలో ట్రంప్ పార్టీ వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ ఛానల్ చూసేవాళ్లకు గంటకు 15 డాలర్లు ఇచ్చి, అటు మొగ్గని సీఎన్ఎన్ ఛానల్ చూపించారు. నెల రోజుల్లో కొన్ని విషయాల్లో వాళ్ల అభిప్రాయం కదిలింది. డబ్బులు ఆగాక పాత ఛానల్‌కే పోయారు, ఆ మార్పూ చాలావరకు నిలవలేదు. కాబట్టి ఒకసారి చూపించి వదిలేస్తే లాభం లేదు. ప్రతి ఆదివారం రెండో పేపర్ కూడా వేయించుకోమనండి. ఒకే వార్త రెండింట్లో తీసి మూడు చూడాలి: అంకె ఎక్కడిది, చెప్పింది ఎవరు, రెండోదాంట్లో ఉండి దీంట్లో లేనిది ఏది. ఈ మూడోదే ముఖ్యం. పేపర్ అబద్ధం రాయడం కంటే రాయకుండా వదిలేయడం ఎక్కువ.

ఇదంతా మీ పార్టీ మీద కూడా చేయాలి. నాకూ ఒక పార్టీ ఉంది. మా వాళ్ల మంచి వార్త చదివినప్పుడు, ఇదే పని అవతలివాళ్లు చేస్తే ఏమనేవాడినో అని ఆలోచిస్తాను. మీ పార్టీలో మీకు నచ్చనిది ఒకటి ముందు మీరే చెప్పండి, ఆయనకూ నోరు వస్తుంది. మీరు చెప్పలేకపోతే ఆయన్ను అడిగే హక్కు లేదు.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఇవన్నీ ఆపేయండి. అప్పుడు ప్రతి మాటా ప్రచారమే అనిపిస్తుంది. మాట కలపడానికి సర్పంచ్ ఎన్నికలు అయిపోయిన సమయం మంచిది. అక్కడ పార్టీ గుర్తులు ఉండవు. పార్టీని ప్రాణంగా చూసుకునేవాళ్లలో కూడా, మోరీ తీయించాడని, రాత్రి ఫోన్ చేస్తే వచ్చాడని అవతలి పార్టీ మనిషికి వేసినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. మీ బంధువు కూడా అలా వేసి ఉంటే, ఆ మనిషిలో ఏం చూసి వేశాడో అడగండి. ఎమ్మెల్యే ఎన్నికకు అవే ఎందుకు చూడలేదని మాత్రం ఆ రోజే అడగకండి.