పిల్లలతో పద్యం – 3: చిటిక, చప్పట

పోయినసారి పిల్లల చేత ప్రకాశం బ్యారేజీ దగ్గర కనిపించే వాటి పేర్లు రాయించాం కదా: పడవ, కొండ, గట్టు, కృష్ణ, వంతెన. ఆ కాగితం తీయండి. ఈసారి ఆ మాటలను చెవితో తూస్తాం.

తేలిక అక్షరానికి చిటిక, బరువు అక్షరానికి చప్పట. దీర్ఘం, ఐ, ఔ ఉన్నా, పక్కన సున్న ఉన్నా, తర్వాతి అక్షరానికి ఒత్తు ఉన్నా బరువే. బెజవాడ అంటే చిటిక, చిటిక, చప్పట, చిటిక. గుంటూరుకు రెండు చప్పట్లు, ఒక చిటిక. తేలికకు లఘువు, బరువుకు గురువు అనే పేర్లు హైస్కూల్లో ఎలాగూ వస్తాయి, ఇప్పుడు వద్దు.

పిల్లలు తడబడేది ఒత్తు దగ్గరే. 'గట్టు' అనగానే 'ట్టు' మీద చప్పట కొడతారు. బరువు పడేది దాని ముందున్న 'గ' మీద. నెమ్మదిగా నాలుగైదుసార్లు పలికిస్తే ఆ మాట 'గట్' దగ్గర ఆగుతోందని వాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ అస్సలు తొందరపడకండి. డిక్టేషన్‌లో పోయే ఒత్తులు దొరికేది ఇక్కడే. 'గడ్డి'ని 'గడి' అని రాసిన పిల్లాడికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టకండి. "నువ్వు రాసింది రాసినట్టే చదివి చిటిక వెయ్యి నాన్నా" అనండి. రెండూ చిటికలే వస్తాయి. నోటితో 'గడ్డి' అన్నప్పుడు చప్పట వచ్చింది కదా, మరి అదెక్కడ పోయింది? వాడే వెతికి ఒత్తు పెడతాడు. 'గుటూరు' అని రాసే పిల్లకూ ఇదే పద్ధతి.

న-ణ, ల-ళ, శ-ష-స తేడాలు మాత్రం చిటికలకు అందవు. కృష్ణను 'క్రిష్ణ' అని రాసినా చప్పుడు మారదు. వాటికి చూచిరాత తప్పదు.

ఇక పద్యం. మూడు చిటికల మాటలు (పడవ), చప్పట-చిటిక మాటలు (కొండ, గట్టు, కృష్ణ) విడిగా రాయించండి. పద్యంలో ఈ రెండు రకాల అక్షరాల గుంపులే సూర్యగణాలు. ఐదు పేరిస్తే ఆటవెలది అనే పద్యంలో రెండో పాదం, అంటే రెండో వరుస:

పడవ కదిలె కృష్ణ పైన నేడు

మొదటి 'ప'కూ నాలుగో మాటలోని 'పై'కీ యతి, అంటే అక్షరాల ధ్వనిలో జత, కుదిరింది. ఆ సంగతి మీరు చెప్పొద్దు, ఎవరైనా పట్టుకుంటే గట్టిగా మెచ్చుకోండి.

ఇంటిపనికి ఇది ఇవ్వండి: 'మిర్చి ఘాటు తగిలి...' తర్వాత రెండు మాటలు చేర్చాలి. ఈసారి ఇమడని వంతెన, బెజవాడ, గుంటూరులను దాచమనండి. అవి ఇంద్రగణాలు, అంటే సూర్యగణాల కంటే పెద్ద గుంపులు, వచ్చే పాఠంలో మొదటి పాదానికి కావాలి.