వేన్నీళ్ళ ఖర్చు, 200 యూనిట్ల గీత: చలి ముదరకముందే చూసుకోవాల్సినవి

మన దగ్గర చలికాలం ఖర్చంటే ముప్పాతిక వంతు వేన్నీళ్ళ ఖర్చే. గది మొత్తాన్ని వేడి చేసుకునే అలవాటు మనకు తక్కువ. అందుకే దీపావళి దాటగానే "ఫ్యాన్లు ఆగిపోయాయి, ఇక బిల్లు తగ్గుతుందిలే" అనుకుంటాం. ఏసీ ఉన్న ఇంట్లో నిజంగానే తగ్గుతుంది. ఏసీ లేకుండా గీజర్ మాత్రమే ఉన్న ఇంట్లో డిసెంబరు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. 20 లీటర్ల బకెట్ నీళ్ళను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి దాదాపు 0.6 యూనిట్ కరెంటు పడుతుంది. రాడ్ పెట్టినా, గీజర్ వేసినా అంతకంటే తగ్గదు, ఎందుకంటే నీళ్ళు తాగే వేడి అంతే. నలుగురున్న ఇంట్లో తలకో బకెట్ అనుకుంటే నెలకు 70 యూనిట్లు. మామూలుగా 150 కాలే మీటరు 220కి ఎగబాకేది ఇలాగే.

తెలంగాణలో ఆ 200 గీత దాటడం చిన్న విషయం కాదు. గృహజ్యోతి ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 201 వచ్చిందంటే మొత్తం బిల్లు కట్టుకోవాల్సిందే. పథకం లేనివాళ్ళకూ అక్కడ గట్టి దెబ్బే ఉంది. 2022లో పెంచిన టారిఫ్ ప్రకారం చూస్తే, సరిగ్గా 200 యూనిట్లకు మొదటి వంద రూ.3.40 చొప్పున, రెండో వంద రూ.4.80 చొప్పున మొత్తం రూ.820. ఒక్క యూనిట్ పెరిగితే కింది 200 యూనిట్ల రేటు కూడా రూ.5.10కి మారిపోతుంది, పైన ఉన్న ఆ ఒక్కదానికి రూ.7.70. అంటే రూ.1,027.70. రెండు బకెట్ల నీళ్ళకు రెండు వందలు! ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వేరే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గోడ లేదు. ఏ శ్లాబులో పడ్డ యూనిట్లకు ఆ శ్లాబు రేటే వేస్తారు. అయితే 225 దాటాక 400 దాకా ప్రతి యూనిట్‌కూ రూ.8.75, దానికి తోడు సర్దుబాటు చార్జీలు. అక్కడైనా గీజర్ కాల్చేది ఖరీదైన యూనిట్లే.

కాబట్టి మొదటి జాగ్రత్త మీటరు దగ్గరే. కిందటి బిల్లు తీసి, రీడింగ్ తీసిన తేదీ, ప్రెజెంట్ రీడింగ్ ఒక కాగితం మీద రాసి మీటరు పక్కనే అతికించండి. డిజిటల్ మీటర్లో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. వాటిలో చివర కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని చూపించేదే మనకు కావాలి, తేదీ, టైము, కేవీఏ లాంటివి చూసి కంగారు పడొద్దు. అందులోంచి కాగితం మీది రీడింగ్ తీసేస్తే ఈ నెల కాలిన యూనిట్లు వస్తాయి. రోజుకు ఆరున్నర యూనిట్లు దాటకపోతే నెలకు 200 లోపే ఉంటాం. పదో రోజున 65, ఇరవయ్యో రోజున 130 దాటిందా అని చూసుకుంటే చాలు. రీడింగ్ తీసే మనిషి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు, అందుకని 200కి పది పదిహేను యూనిట్లు తక్కువలోనే ఆగడం మంచిది.

మరి కరెంటు మానేసి గ్యాస్ మీద కాచుకుంటే? చాలామంది ఆడవాళ్ళు గ్యాసే చవకని నమ్ముతారు. పొయ్యి మంటలో సగం దాకా గిన్నె పక్కనుంచే పోతుంది. ఒక బకెట్‌కు సుమారు 80 గ్రాముల గ్యాస్ ఖర్చు. 2025 ఏప్రిల్‌లో యాభై రూపాయలు పెరిగాక హైదరాబాద్‌లో సిలిండర్ రూ.905 అయింది. ఆ ధరతో చూస్తే బకెట్‌కు ఐదు రూపాయల పైనే. అదే కరెంటు అయితే, యూనిట్ రూ.5.10 లెక్కన మూడు రూపాయలే. నాలుగు బకెట్లూ గ్యాస్ మీదే కాస్తే నెలకు పది కిలోలు ఆవిరి! సిలిండర్లో ఉండేది 14.2 కిలోలు, ఇక వంట దేనిమీద చేస్తారు? తెలంగాణలో రూ.500 సిలిండర్లు గత మూడేళ్ళ సగటు వాడకాన్ని బట్టి ఇస్తారు, ఆంధ్రాలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచితం. స్నానాలకు తగలేస్తే సంక్రాంతి అరిసెల నాటికి పూర్తి ధర పెట్టి కొనాల్సి వస్తుంది.

నన్నడిగితే వంట గ్యాస్ మీద, స్నానం కరెంటు మీద. నెలాఖరు వారంలో మీటరు 185 దాటిందనుకోండి, రీడింగ్ తీసేదాకా ఆ నాలుగు రోజులు గ్యాస్ మీదో, పెరడు ఉంటే కట్టెల పొయ్యి మీదో కాచుకోండి. ఆ నాలుగు రోజుల గ్యాస్ ఖర్చు, పోగొట్టుకునే సున్నా బిల్లు ముందు ఎంత?

అసలు వేడి చేయాల్సిన అవసరాన్నే తగ్గించుకోవచ్చు. తెల్లవారుజామున మేడ మీది ట్యాంకులో నీళ్ళు మంచులా ఉంటాయి, అదే బోరు మోటారు వేసి అప్పుడే పట్టిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ట్యాంకు నీళ్ళు 16 డిగ్రీలు, బోరు నీళ్ళు 26 అనుకుంటే, వాటిని 45కి తెచ్చే ఖర్చులో మూడో వంతు అక్కడే మిగిలిపోతుంది. బోరు లేనివాళ్ళకు ఇంకో దారి, నల్ల సింటెక్స్ ట్యాంకు. మధ్యాహ్నం ఎండకు ఆ నీళ్ళు చాలావరకు వెచ్చబడతాయి. ఇంట్లో పెద్దవాళ్ళకు మూడు గంటలకు స్నానం చేయిస్తే వాళ్ళకు చలీ ఉండదు, మనకు బిల్లూ ఉండదు. తెల్లారగట్లే తలస్నానం చేయాలని పట్టుబట్టే నాయనమ్మలతో మాత్రం కాస్త బతిమాలుకోవాలి.

గీజర్ రాత్రంతా ఆన్‌లో పెట్టొద్దు. 15 లీటర్ల, రెండు కిలోవాట్ల గీజర్‌కు పావుగంట చాలు. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిచ్చేయండి. షవర్ కన్నా బకెట్, చెంబు మేలు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఎలిమెంట్ మీద సున్నంలా గట్టి పొర పేరుకుంటుంది, దానివల్ల నీళ్ళు వేడెక్కడం ఆలస్యమవుతుంది. నవంబరులోనే ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి. సొంతిల్లు, మేడ మీద చోటు ఉంటే సోలార్ వాటర్ హీటర్ గురించి ఆలోచించాల్సిందే. నలుగురికి వంద లీటర్లది సరిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం కరెంటు తప్పదు.

రూమ్ హీటర్ విషయంలో నాకు అసలు మొహమాటం లేదు, కొనొద్దు. రెండు వేల వాట్లది గంటకు రెండు యూనిట్లు తాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే పదహారు యూనిట్లు, నెల కోటా రెండు వారాల్లోపే ఖాళీ. మధ్యాహ్నం కిటికీలు తీసి ఎండ రానిచ్చి, సాయంత్రం నాలుగున్నరకల్లా మూసేయండి. పరుపు మీద ఒక పాత బొంత పరిస్తే కింది నుంచి వచ్చే చలి ఆగుతుంది. అరకు, లంబసింగి వైపు, ఆదిలాబాద్ జిల్లాలో ఉండి తప్పనిసరిగా హీటర్ వాడాల్సిన వాళ్ళు రగ్గులకు, కర్టెన్లకు దూరంగా పెట్టి, నిద్రపోయే ముందు ప్లగ్ పీకేయండి.

ఇక ఖర్చు తగ్గించుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకునేవి కొన్నున్నాయి. వీటిలో బేరం లేదు.

రాడ్ వాడేవాళ్ళు బకెట్లో ముందు రాడ్ పెట్టి, దానిమీది గీత దాకా నీళ్ళు పోసి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. వేడెక్కాయో లేదో వేలు పెట్టి చూసే అలవాటు అందరికీ ఉంది, ప్రాణాలు పోయేది కూడా అక్కడే. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకి, చేతిలో ఉందని చూసుకున్నాకే నీళ్ళు ముట్టుకోవాలి. ఇనుప బకెట్ వద్దు. మూడు పిన్నుల ప్లగ్, ఇంటికి సరైన ఎర్తింగ్, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. పిల్లలు తిరిగే చోట రాడ్ పెట్టి ఫోన్ మాట్లాడుతూ పక్కకు పోవద్దు.

గీజర్ కింద సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి ఎంసీల్ పెట్టి మూసేవాళ్ళు ఉంటారు. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోయే దారి అదొక్కటే. దాన్ని మూస్తే థర్మోస్టాట్ (వేడి చాలినంత కాగానే కరెంటు ఆపేది) పాడైన రోజున ట్యాంకే పేలిపోవచ్చు. గీజర్ ప్లగ్ ముట్టుకుంటే వేడిగా తగిలినా, నల్లబడినా వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉండకూడదు. బయట గాలాడే చోట బిగించి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి తీసుకోవాలి. మంట గదిలోని ఆక్సిజన్ తినేస్తూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అన్న ధీమా పనికిరాదు. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ఈ ఒక్క విషయంలో గొడవ పడినా ఫర్వాలేదు.

కుంపటిది కూడా ఇదే సంగతి. బాలింత గదిలో తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి పెట్టి పడుకోబెట్టడం ఇంకా చాలా ఊళ్ళలో ఉంది. పక్కన చెంబుతో నీళ్ళు పెడితే విషవాయువు పోతుందన్నది ఉత్త మాట. పొగ రావడం లేదు కదా అని మోసపోవద్దు, ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచే ఆ వాయువు ఎక్కువగా వస్తుంది. బిడ్డకు కాపడం పెట్టాలంటే మనుషులు మెలకువగా ఉండి, తలుపు తీసి ఉంచి, పని కాగానే కుంపటి బయటికి తెచ్చేయాలి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అది చలి జ్వరం అనుకోవద్దు. అందరూ వెంటనే బయటి గాలికి వచ్చేయండి. బాత్రూమ్‌లోకి వెళ్ళిన మనిషి పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనకాడొద్దు. ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి మనిషిని బయటికి లాగి, 108కి ఫోన్ చేయండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, లైటు స్విచ్ ముట్టుకోకుండా, ఇంటి బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి.