పటాలతో దత్తాంశం – 4వ పాఠం: పెట్టెలో కనిపించనిది

గత పాఠంలో సోపాన చిత్రాలు (హిస్టోగ్రామ్‌లు) గీశాం. ఒక్క సమూహానికైతే అవి చాలు. నాలుగింటిని ఒకదాని మీద ఒకటి గీస్తే రంగులు కలిసిపోయి ఏది దేనిదో తెలియదు. అప్పుడు అక్కరకొచ్చేది 1970లలో గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ ప్రచారంలోకి తెచ్చిన బాక్స్ ప్లాట్. విలువల్లో నడిమి సగాన్ని పెట్టెగా, దాని నుంచి ఇరువైపులా సాగే గీతలను మీసాలుగా, మీసాలకు అందనివాటిని చుక్కలుగా చూపే పటం ఇది.

సాధనకు ఐరిస్ పూల కొలతలు తీసుకుందాం. ఎడ్గార్ ఆండర్సన్ సేకరించిన ఈ కొలతలను రోనాల్డ్ ఫిషర్ 1936లో ప్రచురించారు. మూడు జాతులు, జాతికి 50 పూలు. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఇవి సిద్ధంగానే ఉంటాయి.

వర్సికలర్ జాతి ఆకర్షణ పత్రాల పొడవు చూడండి. మొదటి చతుర్థాంశం (పావు వంతు పూలు దీని లోపు) 4.0 సెంటీమీటర్లు, మధ్యగతం (సరిగ్గా నడిమి విలువ) 4.35, మూడవ చతుర్థాంశం (ముప్పావు వంతు పూలు దీని లోపు) 4.6. పెట్టె ఎత్తు 0.6. మీసం పొడవు పెట్టె ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, అంటే 0.9, మించకూడదన్నది నియమం కనుక కింది మీసం 3.1 దాటి దిగకూడదు. 3.0 ఉన్న ఒక పువ్వు విడిగా చుక్కై నిలుస్తుంది. చుక్క పడిందంటే కొలత తప్పని కాదు. దాన్ని వెంటనే తీసిపారేసే అలవాటు మంచిది కాదు.

ఇప్పుడు జాతులు మరచి 150 పూలకూ ఒకే పెట్టె గీయండి. అది 1.6 నుంచి 5.1 దాకా సాగుతుంది, మధ్యగతం మళ్లీ 4.35. చుక్కలేవీ లేవు, చూడటానికి నిక్షేపంగా ఉంది. కానీ 1.9కీ 3.0కీ మధ్య ఒక్క పువ్వు కూడా లేదు! సెటోసా పూలన్నీ 1.9 లోపే ఆగిపోయాయి. ఆ ఖాళీ పెట్టె నడుమనే ఉన్నా కంటికి ఆనదు.

విలువలు దట్టంగా ఉన్నచోట వెడల్పుగా, పలచగా ఉన్నచోట సన్నగా నునుపైన రేఖతో గీసే వయొలిన్ ప్లాట్‌లో రెండు ఉబ్బులు కనిపిస్తాయి. అయితే నునుపు ఎక్కువ పెడితే అవీ కలిసిపోతాయి. అందుకే నా ఓటు సంచిత పౌనఃపున్య రేఖకు. విలువలను ఆరోహణ క్రమంలో పేర్చి, ఒక్కో పువ్వుకు 150లో ఒక వంతు చొప్పున మెట్టు ఎక్కండి. 1.9 దగ్గర మూడింట ఒక వంతు ఎత్తుకు చేరిన రేఖ 3.0 వరకు బల్లపరుపుగా సాగుతుంది. ఇందులో నునుపు ఎంతన్న ప్రశ్నే లేదు.

అభ్యాసం: మూడు జాతుల సంచిత రేఖలను ఒకే పటంలో గీయండి. వర్జినికా 4.5 దగ్గర మొదలవుతుంది, వర్సికలర్ 5.1 దగ్గర ముగుస్తుంది. ఈ రెండు హద్దుల నడుమ, హద్దులతో సహా, ఏ జాతి పూలు ఎన్ని ఉన్నాయో లెక్కించి ఉంచుకోండి. 5వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.