బ్రిటన్‌లో కొత్త కుక్కపిల్లకు లైఫ్‌టైమ్ బీమా ఎంచుకునే విధానం

బ్రిటన్‌లో మనుషుల వైద్యానికి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ఉన్నది గాని, జంతువులకు అటువంటి ఏర్పాటు లేదు. ఊళ్లో పశువుల ఆసుపత్రికి వెళ్లి నామమాత్రపు ఖర్చుతో మందు వేయించుకొచ్చిన అనుభవం ఉన్న తెలుగువారికి ఇక్కడి వెట్ (పశువైద్యుని) బిల్లు మొదటిసారి చూసినప్పుడు గుండె గుభేలుమంటుంది. ఆ బిల్లు మీద 20 శాతం వ్యాట్ కూడా ఉంటుంది. మోకాలి లిగమెంట్ తెగితే చేసే శస్త్రచికిత్సకు కొన్ని వేల పౌండ్లు అవుతాయి. వెన్నులో డిస్కు జారి నిపుణుల ఆసుపత్రికి పంపవలసి వస్తే స్కానుకు ఒక మొత్తం, ఆపరేషన్‌కు ఒక మొత్తం, ఆ తర్వాతి ఫిజియోథెరపీకి మరొకటి చొప్పున లెక్క పెరిగిపోతుంది. అందువల్ల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే వారంలోనే బీమా సంగతి తేల్చుకోవడం అవసరం. ఆలస్యం చేస్తే ఎందుకు నష్టమో ముందు ముందు వివరిస్తాను.

ఇక్కడ ప్రధానంగా నాలుగు రకాల పాలసీలు అమ్ముతారు. ప్రమాదాలకు మాత్రమే వర్తించేది అన్నిటికంటే చవకైనది. జబ్బు చేస్తే దాని నుంచి ఏమీ రాదు. రెండవది కాలపరిమితి గల పాలసీ: ఒక జబ్బుకు సాధారణంగా పన్నెండు నెలల వరకు చెల్లించి, ఆ తర్వాత దానిని పూర్తిగా మినహాయిస్తారు. మూడవదానిలో గడువు ఉండదు గాని ఒక్కొక్క జబ్బుకు ఒక గరిష్ఠ మొత్తం ఉంటుంది, అది ఖర్చయిన రోజుతో ఆ జబ్బుకు బీమా ముగిసిపోతుంది. నాలుగవది లైఫ్‌టైమ్ పాలసీ; ఇందులో వైద్య ఖర్చుల పరిమితి ఏటా రెన్యూవల్ రోజున మళ్లీ పూర్తిగా నిండుతుంది.

ఈ తేడా దీర్ఘకాలిక వ్యాధుల విషయంలోనే తెలిసివస్తుంది. ఉదాహరణకు అలర్జీ వల్ల వచ్చే చర్మవ్యాధి చాలా కుక్కల్లో మూడేళ్లలోపే బయటపడుతుంది. అది నయమయ్యేది కాదు, బతికినంతకాలం మందులతో అదుపులో ఉంచవలసినది. నెలకు 100 పౌండ్లు ఖర్చవుతుందనుకుంటే ఏడాదికి 1,200 పౌండ్లు. పన్నెండు నెలల పాలసీ ఉన్నవారు రెండో ఏటి నుంచి మొత్తం సొంతంగా భరించాలి. 4,000 పౌండ్ల గరిష్ఠ మొత్తం ఉన్నవారికి మూడేళ్లు దాటగానే డబ్బు అయిపోతుంది. లైఫ్‌టైమ్ పాలసీ ఉన్నవారికి మాత్రం, ఏటా తప్పకుండా రెన్యూ చేసుకుంటున్నంతకాలం, ఎక్సెస్ (మీరు ముందుగా భరించే వాటా) పోను మిగిలినది వస్తూనే ఉంటుంది. మధుమేహం, మూర్ఛ, కీళ్లవాతం వంటివాటికీ ఇదే లెక్క.

అయితే లైఫ్‌టైమ్ పాలసీ కూడా ఒక్క ఏడాదికి చేసుకునే ఒప్పందమేనని గుర్తుంచుకోవాలి. ధర జీవితాంతం మారదని కంపెనీ మాట ఇవ్వదు. కుక్క వయసు పెరిగేకొద్దీ, వెట్ ఫీజులు పెరిగేకొద్దీ ప్రీమియం కూడా పెరుగుతుంది. కారు బీమా అయితే ఏటా ధరలు పోల్చి కంపెనీ మార్చుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు కుక్కకు ఒక జబ్బు వచ్చేంతవరకే ఉంటుంది. వచ్చాక మరో కంపెనీకి మారితే ఆ జబ్బును ముందునుంచే ఉన్నదిగా లెక్కించి మినహాయిస్తారు. పైగా పాత ఖాతాదారుల దగ్గర రెన్యూవల్‌లో కొత్తవారికంటే ఎక్కువ వసూలు చేయరాదని 2022 జనవరిలో ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ అమలులోకి తెచ్చిన నిబంధన ఇంటి బీమాకు, వాహన బీమాకు మాత్రమే వర్తిస్తుంది, పెంపుడు జంతువుల బీమాకు వర్తించదు. కాబట్టి ఏ చరిత్రా లేని ఆరోగ్యవంతమైన కుక్కపిల్ల మీ చేతిలో ఉన్న ఈ కొద్ది వారాలే మీరు నిజంగా స్వేచ్ఛగా ఎంచుకోగల కాలం. మొదటి ఏడాది ప్రీమియం ఎవరిది తక్కువ అన్న ఒక్క ప్రశ్నతో ఆ అవకాశాన్ని ముగించకూడదు.

చాలా పాలసీల్లో జబ్బులకు మొదటి పద్నాలుగు రోజులు, ప్రమాదాలకు అంతకంటే తక్కువ రోజులు నిరీక్షణ కాలం ఉంటుంది, అంటే అప్పుడు బీమా వర్తించదు. ఆ రోజుల్లో కనిపించిన లక్షణం, వ్యాధి పేరు తర్వాతెప్పుడో తేలినా సరే, ముందునుంచే ఉన్నదిగా పరిగణించబడుతుంది. ఎనిమిది వారాల కుక్కపిల్లను మొదటి టీకాకు తీసుకెళ్లినప్పుడు వెట్ గుండె విని స్వల్పంగా మర్మర్ (అసాధారణ గుండె చప్పుడు) ఉందనో, బొడ్డు దగ్గర హెర్నియా ఉందనో, చెవుల్లో ఎరుపు కనిపిస్తోందనో రాసుకుంటారు. మొదటి క్లెయిమ్ వేసినప్పుడు బీమా కంపెనీ తెప్పించుకునేది సరిగ్గా ఆ రికార్డునే. అందుకని బ్రీడర్ (కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవారు) దగ్గర తప్పక ఒక మాట అడగాలి. చాలామంది బ్రీడర్లు కుక్కపిల్లతోపాటు నాలుగైదు వారాల ఉచిత బీమా ఇప్పించగలరు. దానిని ఇంటికి తెచ్చిన రోజే ప్రారంభించి, గడువు ముగిసేలోగా అదే కంపెనీ లైఫ్‌టైమ్ పాలసీకి మారితే సాధారణంగా మళ్లీ నిరీక్షణ కాలం ఉండదు. ఉచితంగా వచ్చింది కదా అని ఆ కంపెనీతోనే ఉండిపోవాలని కాదు. ఇతర పాలసీలను పరిశీలించడానికి అది మీకు రక్షణతో కూడిన వ్యవధి ఇస్తుంది. వేరే కంపెనీని ఎంచుకుంటే, ఉచిత బీమా ముగియడానికి కనీసం రెండు వారాల ముందే కొత్త పాలసీ ప్రారంభించండి.

దరఖాస్తులోని ప్రశ్నలకు నిజాయితీగా జవాబివ్వాలి. కంపెనీ అడిగినదానికి తప్పుగా చెప్పకుండా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యతను 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం కొనుగోలుదారు మీద పెట్టింది. తండ్రి పూడిల్, తల్లి కాకర్ స్పానియల్ అయినప్పుడు జాతి గడిలో ప్రీమియం తక్కువ పడేది రాసుకుంటే, క్లెయిమ్ రోజున ఆ పొదుపు తిరగబడుతుంది.

ఇక పరిమితి సంగతి. లైఫ్‌టైమ్ పాలసీల్లోనే రెండు విధాలున్నాయి: ఏడాదిలో వచ్చే అన్ని జబ్బులకూ కలిపి ఒకే మొత్తం ఇచ్చేవి, ఒక్కొక్క జబ్బుకు ఏడాదికి ఇంత అని విడివిడిగా ఇచ్చేవి. నా అభిప్రాయంలో మొదటిది మేలు, ఎందుకంటే పెద్ద ఖర్చు సాధారణంగా ఒకే జబ్బుకు ఒకే ఏడాదిలో వస్తుంది. జబ్బుకు 1,000 లేదా 1,500 పౌండ్లు మాత్రమే ఇచ్చే పాలసీ కూడా లైఫ్‌టైమ్ పేరుతోనే అమ్ముడవుతుంది, శస్త్రచికిత్స దగ్గర అది చాలదు. మామూలు జాతులకు ఏడాదికి 7,000 పౌండ్లు, వెన్ను సమస్యలకు పేరుపడిన డాక్స్‌హండ్, ఊపిరాడని సమస్యలుండే ఫ్రెంచ్ బుల్‌డాగ్, గుండె కవాటం వ్యాధి ఎక్కువగా వచ్చే కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ వంటివాటికి 10,000 పౌండ్లు లేదా అంతకు మించి తీసుకోవడం మంచిదని నేననుకుంటాను. లాబ్రడార్ విషయంలో తుంటి, మోచేతి కీళ్ల లోపాలు వంశపారంపర్యంగా వస్తాయి గనుక అటువంటి లోపాలకు చెల్లిస్తారో లేదో పాలసీ పత్రంలో వెతికి చూడండి. తల్లిదండ్రుల తుంటి, మోచేతి పరీక్షల ఫలితాలను బ్రీడర్ నుంచి అడిగి తీసుకోండి.

పై పరిమితి ఎంత పెద్దదైనా లోపల చిన్న చిన్న పరిమితులు దాగి ఉండవచ్చు. లిగమెంట్ శస్త్రచికిత్సకు, ఎంఆర్ఐ స్కాన్‌కు, దంత వైద్యానికి, ఫిజియోథెరపీకి వేర్వేరు హద్దులు పెట్టే కంపెనీలున్నాయి. తమ జాబితాలో లేని నిపుణుల ఆసుపత్రికి వెళ్తే అదనపు ఎక్సెస్ వేసేవీ ఉన్నాయి. దంత వ్యాధులకు చెల్లించే చోట ఏటా దంత పరీక్ష చేయించి ఉండాలనే షరతు తరచుగా కనిపిస్తుంది. రెండు మోకాళ్లు, రెండు చెవులు, రెండు కళ్లు ఉన్నప్పుడు ఒకదానికి బీమాకు ముందే సమస్య వచ్చి ఉంటే రెండవదానిని కూడా మినహాయించే నిబంధన మరొకటి. టీకాలు, పురుగుల మందులు, పిడుదుల మందులు, సంతాన నిరోధక శస్త్రచికిత్స ఏ పాలసీలోనూ సాధారణంగా రావు. టీకాలు సకాలంలో వేయించకపోతే ఆ వ్యాధులకు వచ్చే క్లెయిమ్‌ను తిరస్కరిస్తారు. ప్రతి కంపెనీ రెండు మూడు పేజీల సమాచార పత్రం ఇస్తుంది, పోల్చడానికి అది బాగుంటుంది గాని ఈ సూక్ష్మాలన్నీ పూర్తి నిబంధనల పుస్తకంలోనే ఉంటాయి. కొన్నాక సాధారణంగా పద్నాలుగు రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది కాబట్టి అప్పుడైనా తీరిగ్గా చదవండి.

ఎక్సెస్ అంటే సాధారణంగా ప్రతి జబ్బుకు, ప్రతి పాలసీ ఏడాదికి మీరు ముందుగా భరించే మొత్తం. చికిత్స రెన్యూవల్ తేదీ దాటి సాగితే అదే జబ్బుకు మరోసారి కట్టాలి. దీనికి తోడు కుక్కకు ఒక వయసు వచ్చాక చాలా కంపెనీలు బిల్లులో 10 లేదా 20 శాతం మీ వాటాగా చేరుస్తాయి. 2,000 పౌండ్ల బిల్లు, 100 పౌండ్ల ఎక్సెస్, 20 శాతం వాటా అనుకుంటే ముందు 100, మిగిలిన 1,900లో 380, మొత్తం 480 పౌండ్లు మీరు పెట్టుకోవాలి. కుక్కపిల్లకు ఇవాళ ఈ నిబంధన తగలదు గనుక చాలామంది దాటవేసి చదువుతారు. అది ఏ వయసున మొదలవుతుందో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే రక్షణ కుక్కలకు చాలా అవసరం. మీ కుక్క రోడ్డు మీదికి ఉరికి సైకిల్ తొక్కేవారు పడిపోతే నష్టపరిహారం లక్షల పౌండ్లకు చేరవచ్చు. కొన్ని చవక పాలసీల్లో ఇది ఉండదు. అది లేని పాలసీ నచ్చినట్లయితే కుక్కల సంక్షేమ సంస్థ డాగ్స్ ట్రస్ట్ సభ్యత్వంతో ఆ లోటు పూడ్చుకోవచ్చు.

ప్రీమియం మీ పోస్ట్‌కోడ్‌ను బట్టి, జాతిని బట్టి మారుతుంది. అందులో 12 శాతం బీమా పన్ను కలిసి ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కుక్కకు నెలనెలా ఇంత కడతారా అని ముక్కున వేలేసుకోవడం సహజమే. కాని ప్రీమియం వెనుక ఉన్నవి వెట్ ఫీజులే. 2013లో వెట్ క్లినిక్‌లలో దాదాపు పదోవంతు మాత్రమే పెద్ద సంస్థల చేతుల్లో ఉండగా అది సుమారు అరవై శాతానికి చేరిందని వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ లెక్క చెప్పింది. ఫీజుల మీద ఆ సంస్థ 2024లో పూర్తిస్థాయి విచారణ ప్రారంభించింది. ధరలు కోట్ చేయించుకునేటప్పుడు అదే కంపెనీలో ఎనిమిదేళ్ల కుక్క పేరుతో కూడా ఒక కోట్ తీసి చూడండి. రేపటి ధర ఖచ్చితంగా తెలియదు గాని, కంపెనీ వైఖరి తెలుస్తుంది. మీ వెట్‌కు నేరుగా చెల్లించే కంపెనీలేవో క్లినిక్ రిసెప్షన్‌లో అడిగితే చెబుతారు. వేల పౌండ్లు ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవడం అందరికీ సాధ్యం కాదు.

సెలవులకు ఇండియా వెళ్లి కుక్కను కెనెల్‌లో (యజమాని లేనప్పుడు కుక్కలను ఉంచుకునే చోట) వదిలేవారు బయలుదేరే ముందు రెన్యూవల్ తేదీని, బ్యాంకు కార్డు గడువును సరిచూసుకోవాలి. కార్డు చెల్లక పాలసీ మధ్యలో తెగిపోతే, మళ్లీ తీసుకున్నప్పుడు అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ మినహాయింపుల్లోకి వెళ్తాయి. మీరు లేనప్పుడు వైద్యానికి సమ్మతి ఇచ్చే అధికారం ఎవరికి ఉందో కెనెల్‌కు, వెట్‌కు రాసి ఇవ్వండి.

క్లెయిమ్‌ను అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే మొదట కంపెనీకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వారికి ఎనిమిది వారాల గడువు ఉంటుంది. తుది జవాబు నచ్చకపోయినా, గడువులోగా జవాబే రాకపోయినా ఇటువంటి వివాదాలను పరిష్కరించే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్‌కు వెళ్లవచ్చు. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి, దీనికి రుసుము లేదు. వ్యాధి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయన్నదే వివాదమైతే మీ వెట్ రాసిచ్చిన లేఖను ఫిర్యాదుతో జతచేయండి.