అడవి నిలబెట్టినవాళ్లకు డబ్బు: ఒప్పందం ఎలా రాసుకోవాలి

అడవిని కొట్టకుండా ఉంచిన కుటుంబాలకు డబ్బు చెల్లించే పథకం పెట్టాలంటే, చెట్లు ఎందుకు కొడుతున్నారో ముందు తెలుసుకోండి. బొగ్గు కోసమా, కలప కోసమా, సాగుకు నేల కావాలనా, లేక ఇంట్లో ఎవరికో జబ్బు చేసి చేతిలో రూపాయి లేకనా? ఇది తేలకుండా ఎకరానికి ఇంత అని పంచితే, ఎవరూ కొట్టని అడవికే ఆ డబ్బు పోతుంది, చెట్లు కొట్టడం వల్ల గాలిలో చేరే కార్బన్ మాత్రం తగ్గదు. కోస్టారికా 1996లో చట్టం చేసి, ఇంధన పన్నులోంచి అడవి యజమానులకు చెల్లించడం మొదలుపెట్టింది. చాలా మంచి పని, కానీ మొదటి ఏళ్లలో ఎక్కువ సొమ్ము ఎలాగూ నరకని భూములకే చేరిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

నాకు నచ్చింది పశ్చిమ ఉగాండాలో చేసిన ప్రయోగం. 121 ఊళ్లు తీసుకుని, అందులో లాటరీ పద్ధతిలో ఎంచిన 60 ఊళ్లలో రెండేళ్లు పథకం నడిపారు. సొంత అడవి ఉన్న రైతు దాన్ని కొట్టకుండా ఉంచితే ఏడాదికి హెక్టారుకు 70,000 షిల్లింగులు, అప్పటి లెక్కలో 28 డాలర్లు. పథకం లేని ఊళ్లలో చెట్లున్న విస్తీర్ణం 9.1 శాతం తగ్గితే, ఉన్న ఊళ్లలో 4.2 శాతమే తగ్గింది. శాటిలైట్ ఫోటోలతో సరిపెట్టుకోకుండా మనుషులు అడవిలోకి వెళ్లి తనిఖీ చేశారు. మీరూ అదే చేయండి: మోడు కోత ఇంకా తెల్లగా ఉందా, చుట్టూ చెక్కపేళ్లు పడున్నాయా, ఇవి ఆకాశం నుంచి కనబడవు.

మన పోడు ప్రాంతాల్లో అయితే అన్నిటికంటే ముందు హక్కు తేలాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రం రాకుండా సంతకాలు అడిగితే, ఉన్న భూమి కూడా లాక్కుంటారేమోనని జనం భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. పట్టా ఉన్నవాళ్లకే డబ్బిస్తే మరో తప్పు జరుగుతుంది. అడ్డాకులు, తునికాకు, చింతపండు ఏరుకుని బతికే భూమిలేని కుటుంబానికి ఏమీ దక్కదు, అడవి మీద ఎక్కువ ఆధారపడేది వాళ్లే. అందుకే కొంత కుటుంబాల ఖాతాల్లో, వీలైతే ఆడవాళ్ల పేరు మీద వేసి, మిగతాది గ్రామసభ చేతికి ఇవ్వాలంటాను.

రేటు ఆఫీసులో కూర్చుని కట్టకండి. పోడు ఎకరంలో రాగులు, కందులు పండిస్తే ఖర్చులు పోను ఏం మిగులుతుందో రైతునే అడగండి. ఎండుకట్టెలు, ఇంటికి కావాల్సిన నాలుగు వాసాలు తీసుకోనివ్వండి, అది కూడా వద్దంటే ఒప్పందం తొలి వర్షాకాలం దాటదు. ఒక కుటుంబానికి ఉన్న అడవి మొత్తం ఒప్పందంలో చేర్చండి, లేదంటే ఇక్కడ ఆపిన గొడ్డలి అవతలి ముక్కలో పడుతుంది. పక్క కొండనూ చూస్తూ ఉండండి. ఒప్పందం కనీసం పదేళ్లకు రాసి, ధరలు పెరిగిన కొద్దీ రేటు సవరించండి.

ఇక వాయిదాలు. ఒకటి విత్తనాల ముందు, జూన్‌లో పడాలి. జబ్బులకూ చావులకూ వెంటనే అందేలా ఊళ్లోనే చిన్న నిధి పెట్టండి, ఎందుకంటే ఆపదలో చాలామంది అమ్ముకునేది చెట్టునే. ఎవరైనా ఒకసారి తప్పితే ఆ వాయిదా కోయండి గానీ పథకంలోంచి తీసేయకండి, తీసేస్తే మిగిలిన చెట్లు కాపాడటానికి వాళ్లకు కారణమే ఉండదు.