బియర్డెడ్ డ్రాగన్ పెంపకం – 3వ పాఠం: ముందు పురుగుకు మేత

గత పాఠంలో గాజు పెట్టెకు వేడి దీపాన్నీ అతినీలలోహిత దీపాన్నీ అమర్చి, డ్రాగన్ ఎండ కాచుకునే రాతి మీద ఉష్ణోగ్రత 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచేలా సరిచూసుకున్నాం. ఆ పని ఇంకా పూర్తి కానివారు ఈ పాఠాన్ని చదివి ఉంచుకోవచ్చు గాని, మేత జోలికి అప్పుడే వెళ్లవద్దు. మన పెరటి తొండ కుటుంబానికే చెందిన ఈ ఆస్ట్రేలియా జీవి ఒంటికి కావలసిన వేడిని తనంతట తాను పుట్టించుకోలేదు; వెచ్చదనం అందకపోతే మింగిన పురుగు అరగక కడుపులోనే కుళ్లుతుంది. అందుచేత దీపాలు వెలిగించిన గంట, గంటన్నర తరువాతే మొదటి మేత పెట్టాలి. చివరి మేతకూ దీపాలు ఆర్పడానికీ నడుమ రెండు గంటలైనా ఎడం ఉంచాలి.

డ్రాగన్‌కు ఏం పెట్టాలన్నది కొత్తగా పెంచేవారందరూ అడిగే ప్రశ్న. దాని కంటే ముందు, డ్రాగన్ తినబోయే కీచురాయికి ఏం పెట్టాలో తెలుసుకోవాలి. దుకాణంలో డబ్బా లెక్కన అమ్మే కీచురాళ్లు తరచుగా ఆకలితోనే మన ఇంటికి చేరతాయి. ఖాళీ కడుపు కీచురాయిలో పై పెంకూ నీరూ కొంత మాంసకృత్తీ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. పైగా దాని ఒంట్లో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. డ్రాగన్ ఆహారంలో మాత్రం ఫాస్ఫరస్‌కు దాదాపు రెట్టింపు కాల్షియం ఉండాలి. ఈ తూకం తలకిందులుగా ఎక్కువ కాలం సాగితే శరీరం తనకు కావలసిన కాల్షియాన్ని ఎముకల నుంచే తోడుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి, వేళ్లు వణుకుతాయి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా మేత మార్చి చూద్దామని ఆగకుండా, సరీసృపాలను చూసే పశువైద్యుని దగ్గరకు అదే రోజు తీసుకువెళ్లాలి.

కాబట్టి తెచ్చిన కీచురాళ్లను గాలి ఆడే డబ్బాలోకి మార్చి, దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు నిలువుగా పెట్టి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు మేపండి. క్యారెట్, చిలగడదుంప, ఆవాకు, కాలర్డ్ ఆకు వీటికి చక్కగా సరిపోతాయి. నీళ్ల గిన్నె పెట్టవద్దు, అవి అందులో పడి చస్తాయి. క్యారెట్ ముక్కలోని తడి చాలు. డబ్బా అడుగున చెమ్మ చేరితే కంపు పుట్టి సగం కీచురాళ్లు తెల్లవారేసరికి చచ్చిపడి ఉంటాయి కనుక, మిగిలిన ముక్కలను రోజూ తీసివేయాలి.

మేత వేళకు పరిమాణం చూసుకోండి. డ్రాగన్ రెండు కళ్ల నడుమ ఎంత వెడల్పు ఉందో అంతకు మించిన పురుగును వేయకూడదు. తరువాత ఆ పూటకు కావలసిన కీచురాళ్లను పొడవాటి గ్లాసులోకి దులిపి, చిటికెడు కాల్షియం పొడి వేసి, గ్లాసును మెల్లగా తిప్పాలి. విభూతి రాసినట్టు పలచగా అంటితే చాలు, పిండిలో పొర్లించినట్టు అక్కరలేదు. పొడి అంటిన కీచురాళ్లను వెంటనే వేయాలి. ఆలస్యం చేస్తే అవి కాళ్లతో ఒళ్లు తుడుచుకుని, మనం వేసిన పొడిని రాల్చేస్తాయి.

పొడుల్లో డి3 విటమిన్ కలిసినవీ కలవనివీ ఉంటాయి. చర్మం మీద అతినీలలోహిత కాంతి పడినప్పుడు డ్రాగన్ డి3ని తానే తయారు చేసుకుంటుంది, ఆ డి3 లేనిదే తిన్న కాల్షియం ఒంటబట్టదు. దీపం సరిగ్గా ఉన్న ఇంట్లో రోజువారీ వాడకానికి డి3 లేని పొడి మేలు, ఎందుకంటే డి3 మోతాదు మించితే అదనపు భాగం బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటుంది. దీపం వెలుగుతూ కనబడినంత మాత్రాన అది పనిచేస్తున్నదని అనుకోవద్దు. కంటికి కనిపించే వెలుతురు తగ్గకముందే అతినీలలోహిత కాంతి సన్నగిల్లుతుంది. కొన్న తేదీని దీపం మొదట్లో రాసిపెట్టి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చివేయండి.

పిల్ల డ్రాగన్‌కు రోజుకు రెండు మూడు సార్లు, పది నిమిషాల్లో తినగలిగినన్ని పురుగులు వేయాలి. ఏడాది దాటినదానికి ఆకులు రోజూ పెట్టి, పురుగులను వారానికి రెండు మూడు సార్లకు తగ్గించాలి. అది ఆబగా చూస్తున్నదని జాలిపడితే కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది. తినగా మిగిలిన కీచురాళ్లను ఏరివేయడం మరవవద్దు. మొదటి ఏడాది నేను బద్ధకించి నాలుగైదింటిని పెట్టెలో వదిలేస్తే, నిద్రపోతున్న డ్రాగన్ తోక చివరను అవి రాత్రంతా కొరికాయి. ఆ గాయం మానడానికి నెల పైనే పట్టింది.

పెరట్లో పట్టిన పురుగును ఎప్పుడూ వేయకండి. మందు చల్లిన గడ్డిలో తిరిగి వచ్చిందో, పరాన్నజీవులను మోసుకొచ్చిందో మనకు తెలియదు. అన్నిటికన్నా ప్రమాదం మిణుగురు పురుగుతో. అమెరికాలో వేసవి సాయంత్రాల్లో పిల్లలు వీటిని సీసాల్లో పడుతుంటారు. వాటిలోని లూసిబుఫాజిన్ అనే విషం గోదురుకప్ప విషంలాగే గుండె మీద పనిచేస్తుంది. ఒక్క మిణుగురు తిని బియర్డెడ్ డ్రాగన్లు చనిపోయిన ఉదంతాలు 1999లోనే శాస్త్ర పత్రికకు ఎక్కాయి. ఆస్ట్రేలియా ఎడారి అంచుల్లో పెరిగిన జాతి గనుక, దీన్ని చూసి వెనక్కి తగ్గాలన్న జాగ్రత్త దానికి పుట్టుకతో రాలేదు. పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పండి.

ఆకుల విషయం తరువాతి పాఠంలో వివరంగా వస్తుంది. ఈలోగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు ప్రేమకొద్దీ పాలకూర, తోటకూర, చుక్కకూర పెడుతుంటే సున్నితంగా వారించండి; వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం మనం కష్టపడి అందించిన కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అవకాడో అయితే ఒక్క ముక్క కూడా వద్దు.

ఆరోగ్యంగా కనిపించే డ్రాగన్ కూడా సాల్మొనెల్లా క్రిములను మోయగలదు. మేత గిన్నెలను వంటింటి సింకులో కడగకూడదు. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకూ 65 ఏళ్లు దాటినవారికీ ఈ జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. కనుక మనవడికి మేత సరదా నేర్పించే పని తాతగారికి అప్పగించవద్దు.

ఈ వారం అభ్యాసంగా ఒక నోటుబుక్కు పెట్టి, తేదీ, వేసిన పురుగులు, తిన్నవి, అద్దిన పొడి, రెట్ట వేసిన రోజు వరుసగా రాయండి. పోస్టల్ తూకం లాంటి చిన్న త్రాసు ఉంటే ఆదివారం ఉదయం మేతకు ముందు డ్రాగన్‌ను తూచి, గ్రాములు కూడా చేర్చండి. నాలుగో పాఠాన్ని ఆ అంకెలు ముందు పెట్టుకునే మొదలుపెడతాం.